బొలెరో పికప్‌కి కరెంట్ మోటార్ తగిలించడం: ఎక్కడ పెట్టాలి, ఎంత పెట్టాలి

రామభద్రపురం కూరలబండి
డీజిల్ ఇంజిన్ తియ్యకుండా వెనక చక్రాలకి మోటార్ సాయం ఇవ్వాలి. రోజూ రామభద్రపురం నుంచి విజయనగరం కూరగాయల లోడు, వారానికి రెండుసార్లు సాలూరు మీదుగా సుంకి ఘాట్. 96 వోల్టులు, 15 కిలోవాట్ల మోటార్ సరిపోద్దా? టౌన్లో ఇంజిన్ ఆపేసి మోటార్ మీదే నడపొచ్చా?

బొబ్బిలి క్రౌన్‌పినియన్
ముందు మోటార్ ఎక్కడ కూర్చుంటాదో తేల్చండి. రెండు పక్కలా షాఫ్ట్ ఉన్న మోటార్‌ని ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకి పోయే తిరుగుడు రాడ్డు) మధ్యలో గుచ్చేద్దాం అంటారు చాలామంది. ఇంజిన్ టార్క్ 200 న్యూటన్ మీటర్లు, మొదటి గేర్ 4 రెట్లు అనుకుంటే ఆ షాఫ్ట్ మీద 800 పడతాది. మామూలు మోటార్ షాఫ్ట్ అంత మెలిక ఓర్చుకోదు, కీ (షాఫ్ట్ గాడిలో బిగించే చిన్న ముక్క) దగ్గర తెగుద్ది.

మోటార్‌ని ఛాసిస్‌కి పక్కన బిగించి, సైలెంట్ చైన్‌తో 2:1 (మోటార్ రెండు చుట్లకి షాఫ్ట్ ఒక చుట్టు) తగ్గించి కలపండి. కలిపేది సెంటర్ బేరింగ్‌కి ముందున్న ముక్క మీదే. వెనక ముక్క కమాన్‌పట్టీలతో పాటు ఎగిరి పడతా ఉంటాది, దాని మీద చైన్ నిలవదు. బ్రాకెట్లకి ఛాసిస్ నిలువు భాగంలోనే కన్నాలు వెయ్యండి. పై రెక్కకీ కింది రెక్కకీ కన్నం పెడితే లోడు మీద అక్కడే పగులు మొదలవుద్ది. వెల్డింగ్ అయితే అసలే వద్దు. మొదటి గేర్లో మోటార్ టార్క్ కట్ చెయ్యడం మర్చిపోకండి, లేకపోతే వెనక ఇరుసులో క్రౌన్ గేరు పళ్లు పోతాయి.

నాగావళి లెక్కలు
బండీ లోడూ కలిపి 3 టన్నులు, 5 శాతం ఎత్తు, 30 కిలోమీటర్ల స్పీడు అనుకోండి. ఎత్తుకే 12 కిలోవాట్లు, టైర్ల రాపిడికి ఇంకో 3. మొత్తం 15. అంటే మీ మోటార్ ఒక్కటే లాగాలంటే ఊపిరి బిగబట్టి లాగాలి. సగం భారం ఇంజిన్‌కి వదిలెయ్యండి.

బ్యాటరీకి ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) 100 ఆంప్-అవర్ సెల్స్ 30, వరసలో. 9.6 యూనిట్లు. 80 శాతం వాడితే 7.7. సెల్స్ 60 కిలోలు, పెట్టె, బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే బోర్డు), మోటార్, చైన్ అన్నీ కలిపితే 150 కిలోలు దాటుతాది. ఆ మేరకి లోడు తగ్గించుకోవాల్సిందే.

ఒక ఫుల్ ఛార్జి ఆదా చేసేది సుమారు 2 లీటర్ల డీజిల్. ఏడాదికి 300 రోజులు తిరిగితే 600 లీటర్లు. కిట్ ఖర్చుని ఆ లెక్కతో భాగించి చూడండి. ఎన్‌హెచ్ 16 మీద ఇచ్ఛాపురం దాకా ఒకే స్పీడులో పోయే బండికి ఈ తంటా దండగ. ఆగి ఆగి కదిలే బండికే లాభం.

రాజాం వైండింగ్
పైన 2:1 అన్నారు, అందులో ఒక గోతి ఉంది. 80 స్పీడులో ప్రొపెల్లర్ షాఫ్ట్ 2,700 చుట్లు తిరిగితే మోటార్ 5,400. అయస్కాంతాలున్న మోటార్ 3,000 చుట్లకి 96 వోల్టులు పుట్టించేదైతే, 5,400 దగ్గర 170 వోల్టులు వెనక్కి తోస్తాది. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా సరే. కంట్రోలర్‌లో కరెంట్ స్విచ్ చేసే మోస్‌ఫెట్లు ఠప్పున పోతాయి. దారులు మూడు: ఇండక్షన్ మోటార్ (అయస్కాంతాలుండవు; బరువెక్కువ, కానీ ఈ బెడద లేదు), మధ్యలో డాగ్ క్లచ్ (మోటార్‌ని విడదీసే పళ్ల క్లచ్), లేదా 1:1 పెట్టి టార్క్ వదులుకోవడం. లైనుకెళ్లే బండికి నా ఓటు ఇండక్షన్‌కే.

బొబ్బిలి క్రౌన్‌పినియన్
ఒప్పుకున్నాం గురువుగారూ. ఇండక్షన్ అయితే 2:1 ఉంచొచ్చు.

ఇంక ఇంజిన్ ఆపడం గురించి. వద్దు. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగితే గేర్‌బాక్స్‌లో మెయిన్ షాఫ్ట్ చక్రాలతో తిరుగుతాది గానీ కింది కౌంటర్ షాఫ్ట్ నిలబడిపోద్ది. ఆయిల్ చిమ్మేది అదే. ఆయిల్ అందక నీడిల్ బేరింగులు పట్టేస్తాయి. పైగా బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ ఇంజిన్ తిరిగితేనే వస్తాది, పవర్ స్టీరింగూ అంతే. ఐడిలింగ్‌లో ఉంచి, క్లచ్ వదిలి, న్యూట్రల్‌లో మోటార్‌తో మెల్లగా కదపండి.

వంశధార వైరింగ్
వైరింగ్‌లో తరచు కాలేవి:
- ప్రీఛార్జ్ (ముందు రెసిస్టర్ ద్వారా మెల్లగా కరెంట్ ఎక్కించడం) లేకపోతే కాంటాక్టర్ (పెద్ద కరెంట్ స్విచ్) మొదటి వారంలోనే అతుక్కుపోద్ది. 100 ఓమ్స్, 50 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్, ఒక్క సెకను ఆగి మెయిన్ కాంటాక్టర్.
- 15 కిలోవాట్లకి 160 ఆంప్స్ దాకా పోతాది. 50 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్, లగ్గులు హైడ్రాలిక్‌తోనే నొక్కాలి. ఫ్యూజ్ డీసీది కావాలి, ఏసీ ఫ్యూజ్‌లో ఆర్క్ ఆగదు.
- కామన్‌రైల్ (కంప్యూటర్ నడిపే డీజిల్ ఇంజిన్) బండి యాక్సిలరేటర్ పెడల్ వైరుకి నేరుగా తగిలించొద్దు. వోల్టేజీ కొంచెం కుంగినా ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) లోపం చూపించి ఇంజిన్ పవర్ తగ్గించేస్తాది. మధ్యలో బఫర్ (వోల్టేజీ కుంగకుండా సిగ్నల్ అందించే సర్క్యూట్) పెట్టండి.
- బ్రేక్ స్విచ్ గానీ క్లచ్ స్విచ్ గానీ పడితే మోటార్ టార్క్ సున్నా అయ్యేలా పెట్టండి.

భావనపాడు చేపలలోడు
మా వైపు బళ్లకి ఐసు నీళ్లు, ఉప్పు. బ్యాటరీ పెట్టె లోడు తొట్టి కింద పెడితే ఉప్పునీళ్లన్నీ దాని మీదే. ఇన్సులేషన్ ఎలగ చూడాలి?

వంశధార వైరింగ్
500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు), నెలకోసారి. కంట్రోలర్, బీఎంఎస్ విప్పకుండా మెగ్గర్ కొడితే అవే కాలిపోతాయి, జాగ్రత్త. 96 వోల్టులకి 48 కిలోఓమ్స్ కంటే తగ్గకూడదన్నది కనీస హద్దు. చేపల బండికి మెగాఓమ్ కిందికి వస్తే ఆపి వెతకండి.

రాజాం వైండింగ్
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. 3.5 టన్నుల లోపు బండికి హైబ్రిడ్ కిట్ అంటే ఏఐఎస్-123 అనే వాహన ప్రమాణం మొదటి భాగం వర్తిస్తాది. ఏఆర్‌ఏఐ, ఐక్యాట్ లాంటి బళ్ల పరీక్షా కేంద్రాల్లో ఆ మోడల్ బండికి పాసైన కిట్ కావాలి. ఆ తర్వాత మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్‌టీవో అనుమతి, ఆర్సీలో ఎక్కించడం, ఇన్సూరెన్స్‌కి చెప్పడం. షెడ్డులో సొంతంగా కట్టిన కిట్ ఆర్సీలోకి ఎక్కదు. ప్రమాదం జరిగితే క్లెయిమ్ దగ్గర ముందు అదే అడుగుతారు.

రామభద్రపురం కూరలబండి
మరి ఘాట్ దిగేటప్పుడు ఛార్జి ఎంత వెనక్కొస్తాది?

నాగావళి లెక్కలు
3 టన్నులతో 300 మీటర్లు దిగితే లెక్కకి 2.4 యూనిట్లు. చేతికందేది సగం, 1.2. రీజెన్ (దిగేటప్పుడు మోటారే బ్రేకులా పట్టి కరెంట్ పుట్టించడం) కరెంట్ 50 ఆంప్స్ దగ్గర కట్టెయ్యండి, 100 ఆంప్-అవర్ సెల్స్‌కి అది చాలు. పైన ఫుల్ ఛార్జి పెట్టుకుని దిగితే బ్యాటరీ ఏమీ పుచ్చుకోదు, బీఎంఎస్ తెంచేస్తాది, మలుపు మధ్యలో ఆ పట్టు ఒక్కసారిగా వదిలేస్తాది. అందుకే దిగేముందు 70 శాతం దాటనివ్వకండి, గేరు రెండోదే ఉంచండి.