హింగమ్‌లో ఓల్డ్ షిప్ చర్చికి అమ్మని తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్తే. మా అమ్మ మెదక్ నుంచి వచ్చింది, బోస్టన్‌లో మా దగ్గర ఇంకో మూడు వారాలుంటది. చిన్నప్పట్నుంచి మెదక్ చర్చికే పోయేది, చర్చి అంటే ఆమెకి ఆ రంగు అద్దాలు, ఆ ఎత్తు గోపురమే. ఇక్కడ పాతదేదన్నా చూపియ్యి అంటే హింగమ్ అనే ఊర్లో 1681లో కట్టిన ఓల్డ్ షిప్ చర్చి ఉందన్నారు, ఫోటోల్లో చూస్తే పెద్ద చెక్క ఇల్లులాగనే ఉంది, సిలువ కూడా కనిపిస్తలేదు. అంత దూరం పోయినాక ఇదేనా అనుకుంటదేమో. చూసొచ్చినోళ్లు చెప్పండి.

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండి, కాకపోతే ముందే కాస్త చెప్పి తీసుకెళ్లండి. కట్టింది ప్యూరిటన్లు. ఇంగ్లాండ్ చర్చిలో ఆర్భాటం నచ్చక సముద్రం దాటొచ్చిన వాళ్ల సంఘం అది, సంఘం అంటే మనుషులే గానీ కట్టడం కాదని వాళ్ల నమ్మకం, అందుకే మీటింగ్ హౌస్ అనేవాళ్లు, ఆదివారం ప్రసంగమూ అక్కడే, ఊరి మీటింగులూ అక్కడే. బొమ్మల్లేవు, రంగు అద్దాల్లేవు. బైబిల్ వాక్యం అందరికీ వినపడితే చాలు.

జవాబు: పైకప్పు చూడమనండి అమ్మగారిని! వంపు తిరిగిన పెద్ద పెద్ద దూలాలు, ఓడని బోర్లించినట్టే ఉంటుంది, ఆ పేరు దానివల్లే. అలంకారానికి పెట్టినవి కావవి, కప్పుని మోసేవే అవి. 18వ శతాబ్దంలో కింద సీలింగ్ వేసి కప్పేశారు, 1930లో బాగుచేసినప్పుడు తీసేస్తే మళ్లీ బయటపడ్డాయి, నాకైతే మెడ నొప్పొచ్చేదాకా చూడాలనిపించింది. బెంచీలకి చుట్టూ చెక్క అడ్డాలు, చిన్న తలుపు ఉంటాయి, అప్పట్లో ఇలాంటి మందిరాల్లో పొయ్యి ఉండేది కాదు కదా, చలిగాలిని కాస్త ఆపేవి అవే, కాళ్ల దగ్గరికి నిప్పుల పెట్టె ఇంటినుంచి తెచ్చుకునేవాళ్లు.

జవాబు: ఒక్క విషయం అండీ, ఇప్పుడక్కడ ఉన్నది యూనిటేరియన్ యూనివర్సలిస్ట్ సంఘం, అంటే అందరూ ఒకే విశ్వాసం ఒప్పుకోవాలని పట్టుబట్టని వాళ్లు, ఆరాధన మెదక్ చర్చిలోలా మన సీఎస్ఐ పద్ధతిలో ఉండదు. లోపలికి ఎప్పుడు పంపిస్తారో ముందే కనుక్కోండి. బోస్టన్ నుంచి ఫెర్రీ ఉంది గానీ దిగాక క్యాబ్ కావాలి, పెద్దావిడని నడిపించకండి.

ప్రశ్న అడిగినవారు: శనివారం పోయొచ్చినం, అందరికీ థ్యాంక్స్. అమ్మ ఆ చిన్న తలుపు తీసుకుని లోపల కూర్చుంది, బ్యాగులోంచి బైబిల్ తీసి కీర్తనలు చదువుకుంది, నేను లైటు కోసం చూస్తుంటే వద్దంది. కిటికీలు ఎట్ల పెట్టిండ్రో చూడు, దీపం లేకున్నా అక్షరం కనిపిస్తది అంది.