బతికుండగానే రాసి ఇచ్చేయాలా, వీలునామా చాలా?

ఉద్దానం బిడ్డ:
మాది పలాస. నాన్నగారికి డెబ్బై నాలుగేళ్లు. జీడి ఫ్యాక్టరీ ఆయన స్వార్జితం. పదిహేనేళ్లుగా అన్నయ్య, నేను నడుపుతున్నాం. జీడితోట మాత్రం తాతల నాటిది, బాబాయిలతో పంపకాల్లో నాన్నగారి వాటాకు వచ్చింది. చెల్లిని విజయనగరం ఇచ్చాం. ఇప్పుడు నాన్నగారు రెండూ మా అన్నదమ్ముల పేర సెటిల్‌మెంటు (బతికుండగానే ఆస్తి ఇచ్చేసే దస్తావేజు) రాసి రిజిస్టరు చేయిస్తానంటున్నారు. చెల్లికి పెళ్లిలోనే ఇచ్చేశామన్నది ఆయన లెక్క. అన్నయ్య సరేనన్నాడు. నాకేమో వీలునామా చాలనిపిస్తోంది. మీరేమంటారు?

మూడు లాంతర్లు:
సెటిల్‌మెంటే మేలు. వీలునామా బయటపడేసరికి దాన్ని రాసిన మనిషి ఉండడు, అడిగినదానికి జవాబు చెప్పేదెవరు? మా పెదనాన్నగారి వీలునామాకు సాక్షులు ఇద్దరూ ఆయన ఈడువారే. ఒకరు ఆయనకంటే ముందే పోయారు, రెండోవారు ఆ మరుసటి ఏడాది. చివరికి ఆ సంతకం తన తండ్రిదేనని చెప్పడానికి ఒక సాక్షి కొడుకు కోర్టుకు రావలసి వచ్చింది. ఆయన వాయిదా వాయిదాకూ చోడవరం నుంచి బస్సులో వచ్చేవాడు, పాపం. తొమ్మిదేళ్లు పట్టింది.

పాత దస్తావేజులు:
శ్రీకాకుళంలో ముప్పై ఏళ్లు దస్తావేజులు రాశాను. పై అనుభవం నిజమే, కాని తప్పు వీలునామాది కాదు, సాక్షుల ఎంపికది. వీలునామా తెల్లకాగితం మీదైనా చెల్లుతుంది, స్టాంపు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిదంతే. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండి తీరాలి. మనసు మారితే మళ్లీ రాసుకోవచ్చు, చివరిదే లెక్క. సెటిల్‌మెంటు అలా కాదు, ఒకసారి ఇచ్చాక వెనక్కి రాదు.

వృద్ధుల పోషణకు 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షను ఒక దారి చూపింది. పోషించాలన్న షరతుతో ఆస్తి రాసి, పుచ్చుకున్నవారు చూడకపోతే దాన్ని రద్దు చేయించుకోవచ్చు. అందుకని నేను "తల్లిదండ్రులను జీవితాంతం పోషించవలెను" అన్న వాక్యం చిత్తుప్రతిలో రాసేవాణ్ణి. చదివి వినిపిస్తుంటే పెద్దాయన కొడుకు ముఖం చూసి, "అది తీసేయండి బాబూ, మావాడి మీద నాకు అనుమానమా" అనేవారు. స్కేలు పెట్టి కొట్టేసిన గీతలు ఎన్నో. షరతు రాసి లేకపోతే కష్టమని 2022లో సుప్రీంకోర్టు అంది. 2025 తీర్పులో కొంత ఉదారంగా చూసింది. కోర్టు ఉదారతను నమ్ముకునేకన్నా ఆ ఒక్క వాక్యం ఉంచుకోవడం తేలిక.

ఇక తోట సంగతి. అది పిత్రార్జితం. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతురికీ పుట్టుకతోనే వాటా ఉంది. తండ్రి ఎప్పుడు పోయినా ఆ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే తండ్రి, ముగ్గురు పిల్లలు, తలా నాలుగో వంతు. విడదీయని ఉమ్మడి వాటాను మిగతావారి సమ్మతి లేకుండా ఇలా సెటిల్‌మెంటు రాసి దానమివ్వడం చెల్లదు. ఆ నాలుగో వంతును వీలునామాలో మాత్రం ఎవరికైనా రాయవచ్చు. ఫ్యాక్టరీ ఆయన ఇష్టం.

నాగావళి ఒడ్డున:
చట్టం సరే, న్యాయం మాటేమిటి? 2018లో తిత్లీ తుపానుకు ఉద్దానంలో తోటలన్నీ నేలమట్టమైతే కూలిన చెట్లు నరికించి, మొక్కలు నాటించి, అప్పు చేసింది కొడుకులు. కూతురు ఫోనులో బాధపడింది. ఇద్దరికీ ఒకే వాటా అంటే ఎలా?

గరివిడి ఆడపడుచు:
కష్టానికి కూలి లెక్కగట్టి తీసుకోండి, ఎవరు వద్దన్నారు? పెళ్లిలో పెట్టిన బంగారం లెక్క అందరికీ తులాలతో సహా గుర్తుంటుంది. కొడుకుల చదువులు, ఫ్యాక్టరీకి పెట్టిన పెట్టుబడి ఏ పద్దులో రాశారు? ఇంకొక్క మాట. ఇంతసేపూ కొడుకులు, కూతురు అంటున్నారు. ఇంట్లో అమ్మ ఉన్నారా? అసలు ఏ కాగితమూ రాయకపోతే నాన్నగారి ఆస్తిలో పిల్లలతో సమానంగా ఆమెకూ వాటా వస్తుంది. ఈ సెటిల్‌మెంటుతో ఆమెకు మిగిలేది సున్నా.

పాత దస్తావేజులు:
ఈ ప్రశ్న నేను మొదటే అడగవలసింది. మరో రెండు చూసుకోండి. ఫ్యాక్టరీ కాగితాలు బ్యాంకులో కుదువ ఉంటే వాళ్ల అనుమతి లేకుండా పేరు మార్చకండి. భాగస్వామ్య సంస్థ అయితే ఒప్పందం తీసి చదవండి. వేరే షరతు రాసుకోకపోతే భాగస్వామి మరణంతోనే సంస్థ రద్దవుతుంది.

ఉద్దానం బిడ్డ:
కాగితాలు బ్యాంకులోనే ఉన్నాయి, ఏటా జీడిపిక్కలు కొనడానికి అప్పు తెస్తాం. సొంత సంస్థే, భాగస్వాములు లేరు. రాత్రి అమ్మను అడిగాను. "నన్నెవరు అడిగారు గనక" అంది, చేట పక్కన పెట్టకుండానే. నాన్నగారు విన్నారు. చాలాసేపటికి, "ఆదివారం చెల్లిని, బావగారిని భోజనానికి రమ్మను" అన్నారు. అన్నయ్య ముఖం ముడుచుకున్నాడు. తోట జోలికి పోకుండా, ఉంటున్న ఇల్లు అమ్మకూ ఫ్యాక్టరీ మాకూ వీలునామా రాయమని అడుగుదామనుకుంటున్నాను. చెల్లి ఏమంటుందో చూడాలి.

మూడు లాంతర్లు:
నా మాట మారదు, ఫ్యాక్టరీకి సెటిల్‌మెంటే మేలు, పోషణ షరతు పెట్టి. కాదు వీలునామాయే అంటే మాత్రం సాక్షుల వయసు అడిగి మరీ పెట్టుకోండి.