రోజూ నడిపే బండికి సూపర్‌చార్జరా, ఎన్‌ఏ ఇంజనే నయమా?

ప్రశ్న: రెండు లీటర్ల పెట్రోల్ ఇంజన్ బండిని కాస్త గట్టిగా తయారు చేసుకుంటున్నా. సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా నెట్టే పంపు) పెట్టించాలా, లేక క్యామ్‌లు (వాల్వులు తెరిచే షాఫ్టులు), హెడ్ పోర్టింగ్ (హెడ్‌లో గాలి దారులు సాఫీ చేయడం), హెడర్లతో (పొగ తేలిగ్గా బయటికి పంపే పైపులు) ఎన్‌ఏగానే (నాచురల్లీ ఆస్పిరేటెడ్, అంటే పంపు లేకుండా గాలిని తనే పీల్చుకునేలా) ఉంచాలా? ఇంజన్ ఇంకా విప్పలేదు, కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి) 11:1.

జవాబు: ట్రాఫిక్‌లో తిరిగే బండికైతే సూపర్‌చార్జరే. ఎన్‌ఏలో పవరంతా పై ఆర్పీఎంలోనే దొరుకుతుంది. హోండా ఎస్2000 రెండు లీటర్లకే 240 హార్స్‌పవర్ ఇచ్చింది నిజమే, కానీ అది 8,300 ఆర్పీఎం దగ్గర, రోడ్డు మీద అక్కడిదాకా ఎన్నిసార్లు లాగుతారు? పెద్ద క్యామ్ వేస్తే ఐడిల్ కూడా ఊగుతుంది.

ఇంకొకరి జవాబు: అది సగం మాటే. 11:1 మీద బూస్ట్ (సూపర్‌చార్జర్ ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి) అంటే నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే మండటం) టెన్షన్. పిస్టన్లు మార్చి 9:1 దగ్గరికి దించకపోతే నేనైతే బూస్ట్‌ని 5, 6 పీఎస్ఐ దాటనివ్వను. పైగా ఇంటర్‌కూలర్ (వేడెక్కిన గాలిని చల్లార్చేది), పెద్ద ఇంజెక్టర్లు, ట్యూనింగ్... కిట్ ధర ఒక్కటే చూసి లెక్కేసుకునేవాళ్లకి ఇవేవీ గుర్తురావు. క్లచ్ సంగతి సరేసరి.

అడిగినవారు: సెంట్రిఫ్యూగల్ రకం సూపర్‌చార్జర్ అయితే?

జవాబు: దాని బూస్ట్ ఆర్పీఎంతో పాటే పెరుగుతుంది, తక్కువ ఆర్పీఎంలో పెద్ద తేడా తెలీదు. మొదటినుంచీ లాగాలంటే రూట్స్ లేదా ట్విన్ స్క్రూ రకం సూపర్‌చార్జర్, కాకపోతే రూట్స్‌లో వేడి ఎక్కువ. ముందు కంప్రెషన్ టెస్ట్ చేయించండి, పిస్టన్ రింగులు అరిగిపోయి ఉంటే ఈ చర్చే అనవసరం.