రెచిడ్ అంటే వాంతా, బాధా?

బాపట్ల నర్సు:
మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. ఇంగ్లండ్‌లో నర్సుగా చేరి ఎనిమిది నెలలైంది. రెండు రోజులుగా ఒక మాట బుర్రలోంచి పోవడం లేదు.

మొన్న నైట్ డ్యూటీలో, తెల్లవారుజామున నాలుగింటికి ఎనభై దాటిన తాతగారొకరు మంచం అంచున కూర్చుని ఉన్నారు. ఎలా ఉందని అడిగితే ‘ఐ ఫీల్ రెచిడ్, లవ్’ అన్నారు. రెచ్ అంటే వాంతికి రావడమని చదువుకున్నాను. పరుగున వెళ్లి బూడిదరంగు అట్ట గిన్నె తెచ్చి ఒళ్లో పెట్టి వీపు నిమిరాను. ఆయన గిన్నెను చూసి, నన్ను చూసి, దాన్ని రెండు చేతులతో పక్కన పెట్టేశారు. నేనేమో నోట్స్‌లో ‘వికారంగా ఉందన్నారు’ అని రాసేశాను.

పొద్దున తెలిసింది, అది ఆయన భార్య పోయిన రోజట. కళ్లలో నీళ్లు తిరిగాయి. అదే వార్డులో ఒకావిడ ‘దిస్ రెచిడ్ ప్రింటర్’ అని విసుక్కుంటుంది. మనిషి దుఃఖానికీ ప్రింటర్‌కీ ఒకటే మాటా?

తెనాలి మాస్టారు:
అమ్మా, అవి చెవికి దగ్గరగా వినిపించే రెండు వేరు మాటలు. వాంతికొచ్చిందంటే ‘రెచ్ట్’, ఒక్క ఊపులో అయిపోతుంది. తాతగారన్నది ‘రెచ్-ఇడ్’, రెండు ముక్కలు. నేకెడ్, వికెడ్‌లలోలాగే చివరి ముక్క విడిగా పలుకుతుంది. రాతలో ముందు డబ్ల్యూ ఉంటుంది, పలకదు.

పాత ఇంగ్లీషులో ‘వ్రెచ్చ’ అంటే తనవాళ్లు వెళ్లగొట్టినవాడు, దేశం పట్టినవాడు. ఆ మూలం నుంచే జర్మన్‌లో వచ్చిన ‘రెకె’కి వీరుడని అర్థం. ఇంగ్లీషులో మాత్రం వాడు దిక్కులేనివాడుగానే మిగిలాడు.

ఇక మీ ప్రింటర్. మన ‘దిక్కుమాలిన’ని చూడండి. దిక్కంటే ఆసరా. అది లేనివాణ్ని చూసి జాలిపడే మాటతోనే ‘ఈ దిక్కుమాలిన గొడుగు తెరుచుకోదు’ అని తిట్టుకుంటాం. వాళ్ల మాటా అదే దారిన పోయింది. కాకపోతే ‘ఐ ఫీల్ రెచిడ్’ అన్నచోట దిక్కుమాలిన పనికిరాదు. ‘ప్రాణం ఉసూరుమంటోంది’ అంటామే, అది దగ్గర. ఒంట్లో బాగాలేకపోయినా, మనసు బాగాలేకపోయినా అలాగే అంటారు. కాబట్టి ఒంటి బాధ అనుకోవడంలో మీ తప్పేమీ లేదు.

బర్మింగ్‌హామ్ కేర్ హోమ్:
అక్కా, ఒక జాగ్రత్త. దీనికి బదులు నోట్స్‌లో ‘మిజరబుల్’ అని రాయకండి. ముసురు పట్టిన రోజుని మిజరబుల్ అంటే సరే, కానీ ఇక్కడ మనిషిని అంటే చాలాసార్లు చిరచిరలాడే మనిషి అనే అర్థం వస్తుంది. నేనూ మొదట్లో ఒక పెద్దావిడ గురించి అలా రాస్తే, వాళ్లమ్మాయి చదివి చాలా బాధపడింది. అప్పటి నుంచి పేషంటు ఏ మాట అంటే ఆ మాటే కోట్స్‌లో పెడుతున్నాను.

బాపట్ల నర్సు:
మాస్టారూ, ఉసూరుమనడం అనగానే అర్థమైపోయింది. మా నాన్న పోయాక అమ్మ రోజూ అనేది ఆ మాటే. నోట్స్ సరిచేయించాను. ఈ రాత్రి మళ్లీ అదే వార్డు. ‘ఇంకా రెచిడ్‌గానే ఉందా’ అని అడగొచ్చా?

బర్మింగ్‌హామ్ కేర్ హోమ్:
ఆ మాట ఆయన తన గురించి అనుకోవచ్చు, మనం ఎదురు అంటే బాగుండదు. ‘హౌ ఆర్ యు ఇన్ యువర్‌సెల్ఫ్’ అనండి. ఇక్కడి నర్సులు మందులూ నొప్పులూ అడగడం అయ్యాక, మనిషిని అడగడానికి ఆ మాట వాడతారు. అడిగాక వెంటనే వెళ్లిపోకండి, కుర్చీ లాక్కుని కూర్చోండి.