పండుగప్ప కనిపిస్తోంది, కానీ ఎర ముట్టడం లేదు. ఏం చేయాలి?

గూడూరు_గాలం:
సంక్రాంతి సెలవుల్లో కృష్ణపట్నం వైపు ఉప్పుటేరు మీద గాలం వేశాను. పండుగప్పలు ఉన్నాయి, కళ్లారా చూశాను. వంతెన స్తంభాల నీడలో పైకి తేలి, ఒక్కసారి తిరగబడి మళ్లీ లోపలికి పోతున్నాయి. లూర్ (ఎరలా కనిపించే బొమ్మ) వెంట కొంత దూరం వస్తాయి, దగ్గరికి రాగానే పక్కకు తిరిగిపోతాయి. నీటి మీద చప్పుడు చేసే పాపర్ వేశాను, చేపపిల్ల ఆకారంలో ఉండే పెద్ద మినో వేశాను, ఒక్కటీ నోరు తెరవలేదు. బతికున్న రొయ్య వేస్తే చిన్న చేపలు కొరుక్కుతినేశాయి. వాన నీళ్లు సముద్రంలోకి పోయాక ఇప్పుడు ఏరు తేటగా ఉంది, గాలి కూడా లేదు. ఇలాంటి రోజు చేప చేత నోరు తెరిపించడానికి ఏం చేయాలో చెప్పండి. ఓపిక పట్టమని మాత్రం చెప్పొద్దు, అది పట్టాను.

రాడ్_రీల్_నెల్లూరు:
తమ్ముడూ, వెంట వచ్చి తిరిగిపోతోందంటే సగం పని అయినట్టే. దానికి కోపమో ఆసక్తో ఉంది, ఆకలి లేదు. ఆకలి లేని చేప దూరం ఉరకదు. నోటి ముందుకొచ్చి, అక్కడే ఆగిన దాన్ని మాత్రం ఒక్కోసారి లోపలికి పీల్చేస్తుంది. పండుగప్ప కరిచి పట్టే చేప కాదు, నోరు తెరిచి నీటితో పాటు లాగేసుకునే చేప. అందుకే పాపర్ పక్కన పెట్టు. మూడంగుళాల మెత్తటి రబ్బరు చేప, దానికి తేలికపాటి జిగ్ హెడ్, అంటే సీసం తల ఉన్న గాలం. స్తంభానికి ఆనుకుని వేసి అడుగుకి దిగనివ్వు. రీల్ ఒక చుట్టు తిప్పి ఆపు. విసుగు పుట్టేంత సేపు ఆపు. ఆ ఆపినప్పుడే లైన్ కొంచెం వదులవుతుంది, లేదా పక్కకు జరుగుతుంది. అదే చేప ముట్టిన గుర్తు. ఒకే చోట మళ్లీ మళ్లీ వేయి. ఇలాంటి రోజు చోటు మార్చుకుంటూ తిరిగేవాడికి ఏమీ రాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి లీడర్, అంటే లైన్ చివర లూర్‌కి ముందు కట్టే తీగ ముక్క. తేట నీళ్లలో లావు లీడర్ చేపకి కనిపిస్తుంది, లూర్ కూడా బిగుసుకుని నడుస్తుంది. ఇరవై పౌండ్ల బరువు ఆపే ఫ్లోరోకార్బన్‌కి (నీళ్లలో అంతగా కనిపించని ప్లాస్టిక్ తీగ) దిగు. తేడా నీకే తెలుస్తుంది.

ఒంగోలు_చిన్నోడు:
రొయ్య. కాస్త పెద్దది. మిగతావన్నీ షాపువాళ్ల కోసం.

ఆటుపోటు:
నేను ఇస్కపల్లి వైపువాడిని. మా ఇంట్లో అందరిదీ వల పనే. గాలం నేను ఇష్టం కొద్దీ వేస్తాను. తమ్ముడు చెప్పిన రోజులేవో లెక్క చూసుకుంటే అష్టమి చుట్టూ ఉంటాయి. అష్టమికి ఏటిలో నీళ్లు కదలవు. మన తీరంలో అమావాస్య, పున్నమికే ఆటుపోట్ల తేడా సుమారు మీటరు. అష్టమికి అందులో సగం కూడా ఉండదు. పండుగప్ప వెంటాడి తినదు, కాచుకుని తింటుంది. ఆటుకి నీళ్లు సముద్రంలోకి తీసినప్పుడు మడ చెట్ల వేళ్ల మధ్య నుంచి, చిన్న కాలువల నోళ్ల నుంచి రొయ్య, కత్తిపరిగ పిల్ల కొట్టుకొస్తాయి. అది ఆ నోటి పక్కన, నీటి సుడికి అవతల నిలబడి ఉంటుంది. నీళ్లు కదలకపోతే ఏమీ కొట్టుకురాదు, అదీ నోరు తెరవదు. జ్వరంతో పడుకున్నోడి ముందు బిర్యానీ పెట్టి, గిన్నె చిన్నదైతే తింటాడా పెద్దదైతే తింటాడా అని అడిగితే ఎలా?

ఆటు మొదలైన గంట తర్వాత నుంచి, అడుగు కనిపించేలోపు. ఆ వేళ చూసుకో. రోజుకి దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది, దాన్ని బట్టి బయల్దేరు.

ఇరవై పౌండ్ల లీడర్ మాట మాత్రం వినొద్దు. పండుగప్ప మొప్పల మీది రేకు అంచు కత్తిలా ఉంటుంది. చేత్తో పట్టుకున్నవాడికి తెలుస్తుంది. అది ఎగిరి తల విదిలిస్తే సన్న లీడర్ అక్కడికక్కడే తెగుతుంది. గాలం దాని దవడలో ఉండిపోతుంది.

రాడ్_రీల్_నెల్లూరు:
అన్నా, లీడర్ తెగేది డ్రాగ్ (చేప లాగితే రీల్ లైన్ వదిలే బిగింపు) బిగించి లాగేవాళ్లకి. డ్రాగ్ వదులుగా పెట్టి, రాడ్ కిందికి వంచి ఆడిస్తే చేప ఎగరదు, రేకు తగలదు. నేను ఆ లైన్ మీద మంచి చేపలు తీశాను. లావు లీడర్‌తో కూర్చుని చేప ముట్టలేదని పోటు మీద నెపం వేయడం తేలిక.

కొత్తపట్నం_తీరం:
మీరిద్దరూ లైన్ దగ్గరే ఆగిపోయారు. నేను గుంటలో పండుగప్ప పెంచినవాణ్ని. చెన్నైలో సీబా (ఉప్పునీటి చేపల, రొయ్యల పెంపకం మీద కేంద్ర పరిశోధన సంస్థ) వాళ్లు 1997లో దీని చేత హేచరీలో గుడ్లు పెట్టించారు. ఆ తర్వాతే మనలాంటి రైతులకు పిల్ల దొరకడం మొదలైంది. గుంటలో నేను చూసింది చెబుతున్నా. చలిరోజుల్లో మేత తీసుకోవడం బాగా తగ్గుతుంది. ఇరవై డిగ్రీలకి దగ్గర పడితే వేసిన మేత వేసినట్టే అడుగున మిగులుతుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. రాత్రంతా నాచు, చేప, బురద అన్నీ దాన్ని వాడుకుంటాయి. అయినా అందరూ చీకటితోనే గాలం పట్టుకుని వస్తారు. జనవరిలో మధ్యాహ్నం రెండు దాటాక, ఎండకి కాగిన లోతు తక్కువ నల్లబురద పక్కన వేసి చూడండి.

ఇంకోటి. మా వైపు పైన ఎవరో రొయ్యల పట్టుబడి చేసి గుంట నీళ్లు మొత్తం కాలువలోకి వదిలారు. ఆ మురుగు నీళ్లొచ్చిన కాలువలో చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి పీల్చాయి. నా గుంటకి కూడా ఆ నీళ్లే తోడాను. పెట్టుబడి పోయింది, అడిగితే ఎవరూ పలకలేదు. పైకి తేలి తిరగబడే చేప ఆడుకుంటోందని అనుకోవద్దు. ఊపిరాడక కూడా అలా చేస్తుంది.

రాడ్_రీల్_నెల్లూరు:
అన్నా, మీ నష్టం వింటే బాధగా ఉంది. కానీ తమ్ముడి చేప లూర్ వెంట వచ్చింది. ఊపిరాడని చేప వెంట రాదు. మన ఏటి నీళ్లు ఇరవైకి దిగవు కూడా. ప్రశ్న ముట్టించడం గురించి.

పోటు చూసుకో, మధ్యాహ్నం రా, అమావాస్యకి రా అని చెప్పేవాళ్లకి ఒక మాట. నాకు ఉద్యోగం ఉంది. ఆదివారం ఒక్కటే దొరుకుతుంది. ఆ రోజు అష్టమైనా నవమైనా ఏటికి పోవాల్సిందే. ఉన్న రోజులో చేపని ఎలా ఒప్పించాలో నేర్చుకున్నాను. దాన్ని మోసం అన్నట్టు మాట్లాడితే ఒప్పుకోను. సన్న లీడర్ పనిచేస్తుంది.

సూళ్లూరుపేట_పక్షి:
పులికాట్ సరస్సులో ముఖద్వారం ఇసుకతో పూడితే లోపల మొత్తం ఇలాగే ఉంటుంది. నీళ్లు ఆడవు.

ఆటుపోటు:
నేను మోసం అనలేదు. అన్నావు కాబట్టి ఇప్పుడు మొత్తం చెబుతాను.

నాకు నీ లీడర్ మీద కోపం లేదు. మీరంతా పెట్టే ఫొటోల మీద కోపం. పోయినేడు ఇక్కడే ఒకరు పెద్ద చేప ఫొటో పెట్టి, వెనక మలుపు, మడ చెట్టు, పైన కరెంటు తీగ అన్నీ కనిపించేలా పెట్టారు. తర్వాత ప్రతి ఆదివారం కార్లు. మా వాళ్లు కట్టిన వలల మీద లూర్లు ఇరుక్కుంటే వల కోసి తీసుకుపోయారు. తెగిన లైన్ చుట్టుకుని మా నాన్న పడవ మోటారు ఆగిపోయింది. అడిగితే ఏరు మీ అబ్బదా అన్నారు. ఆ మాట మా నాన్నని అన్నారు.

పడని రోజు కూడా ఎలాగైనా పట్టాలని మీరు అడిగినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. పండుగప్ప చిన్నప్పుడు మగది, పెద్దయ్యాక ఆడదవుతుంది. మీరు ఫొటో కోసం వెతికే పెద్ద చేప ప్రతిదీ దాదాపు గుడ్లు పెట్టే తల్లే. స్తంభాల కింద కదలకుండా ఉన్నప్పుడైనా దాన్ని వదిలేయొచ్చు.

రాడ్_రీల్_నెల్లూరు:
మీ నాన్నగారిని ఎవరో అలా అన్నారంటే అది తప్పు. నేను కాదు, నా స్నేహితులూ కాదు.

కానీ అన్నా, ఇదీ ఆలోచించండి. నేను పట్టిన పెద్ద చేపని నీళ్లలోనే గాలం తీసి వదులుతాను. అదే చేప మీ వలలో పడితే నెల్లూరు మార్కెట్‌లో కిలోల లెక్కన పోతుంది. తల్లి చేప గురించి నాకు చెప్పేముందు వల గురించి మాట్లాడాలి కదా.

ఆటుపోటు:
వల మా అన్నం. అమ్మితే బియ్యం వస్తాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం, 61 రోజులు. ఆ రోజుల్లో మా చిన్నాన్న బోటు ఒడ్డునే ఉంటుంది, ఆ ఇల్లు ఎలా నడుస్తుందో నాకు తెలుసు. గాలం రాడ్‌కి ఆ నిషేధం లేదు. నిన్ను రావొద్దని చెప్పే హక్కు నాకు లేదు, చెప్పను కూడా. వచ్చినవాడు ఏటి మీద బతికేవాడిని ముందు పలకరించాలి. వల ఎక్కడుందో అడగాలి. నాకు కావాల్సింది అంతే. మొదటి నుంచీ అదే.

రాడ్_రీల్_నెల్లూరు:
అది మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అడుగుతాను. ఇంతకుముందు కూడా చాలాసార్లు అడిగాను. లీడర్ విషయంలో మాత్రం నేను మారను.

ఆటుపోటు:
మారకు. తెగినప్పుడు చేప నోట్లో తుప్పు పట్టి పోయే గాలమైనా కట్టు, స్టెయిన్‌లెస్ వద్దు. గాలం కొనకున్న ఎదురు ముళ్లు నొక్కేయి.

నిర్వాహకుడు:
ఇకపై చోటు గుర్తుపట్టేలా ఫొటోలు పెట్టొద్దు. పెడితే తీసేస్తాం. చర్చ కొనసాగించండి.

గూడూరు_గాలం:
అన్నలిద్దరికీ దండం. నాకు అర్థమైంది ఇది: ఆటు తీసే వేళకి మధ్యాహ్నం కలిసొచ్చే రోజు చూసుకుని వెళ్లాలి, రబ్బరు చేప నెమ్మదిగా ఆడించాలి. లీడర్ ముప్పై పౌండ్లు కడతాను, ఇద్దరూ తిట్టండి. చిన్న చేపలు కొరకకుండా రొయ్యని బతికించుకోవడం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఒంగోలు_చిన్నోడు:
పెద్ద రొయ్య తీసుకో, చిన్నవి మింగలేవు. తల మీద ముల్లు ఉంటుంది కదా, దాని కింద నుంచి గుచ్చు. లోపల నల్లటి మచ్చ కనిపిస్తుంది, గాలం దానికి తగిలితే వెంటనే చచ్చిపోతుంది. సీసం పెట్టకు, ఆటుతో పాటు వదిలేయి, స్తంభం పక్కకి అదే పోతుంది.

ఆటుపోటు:
ఇది సరిగ్గా చెప్పాడు. రొయ్యలు బకెట్లో నీళ్లు పోసి పెట్టొద్దు తమ్ముడూ, ఆ నీళ్లు వేడెక్కి చచ్చిపోతాయి. తడి గోనెలో చుట్టి నీడన పెట్టు.