గ్రైమ్స్ తొలి పాటలా, ‘ఆర్ట్ ఏంజెల్స్’ తర్వాతవా? ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవాళ్ళు చెప్పండి

కావలి_కీబోర్డ్:
2012లో వచ్చిన ‘విజన్స్’ విన్నప్పటి నుంచి కెనడా గాయని గ్రైమ్స్‌ను వదల్లేకపోతున్నా. మాంట్రియల్‌లో తన అపార్ట్‌మెంట్లోనే కూర్చుని, గ్యారేజ్‌బ్యాండ్ అనే ఆపిల్ రికార్డింగ్ యాప్‌లో చేసిన ఆల్బమ్ అది. మైస్పేస్ అనే సోషల్ సైట్‌లో పాటలు పెట్టుకుంటూ మొదలైన మనిషి, 2015 ‘ఆర్ట్ ఏంజెల్స్’ కల్లా గిటార్, వయొలిన్ కూడా నేర్చుకుని, ప్రొడక్షన్ అంతా తనే చేసుకుంది. నాకు మాత్రం ‘విజన్స్’లో పొరలు పొరలుగా వినిపించే ఆ గొంతే కావాలి. నేను అలా వేస్తే గజిబిజిగా వస్తోంది. మీరెలా చేస్తున్నారు?

తిప్పరాజువారి_వీధి:
తమ్ముడూ, మాది బాలు గారి ఇల్లున్న వీధి. అక్షరం అక్షరం స్పష్టంగా పలికే పాటలు వింటూ పెరిగాం. అందుకే ‘విజన్స్’ మొదట్లో నాకు ఎక్కలేదు, మాటలే తెలియవు కదా. ‘ఆర్ట్ ఏంజెల్స్’లో మాటా వినిపిస్తుంది, వింతా పోలేదు. నా ఓటు దానికే.

ఒంగోలు_మిక్సింగ్:
కావలి తమ్ముడూ, గజిబిజికి కారణం స, చ, ట లాంటి అక్షరాలు. నాలుగు ట్రాకుల్లో ఒక్కో క్షణం తేడాతో పడితే చిటపటమంటాయి. అసలు గొంతు ఒక్కదాన్నే మధ్యలో ఉంచి పూర్తిగా పాడు. మిగతా ట్రాకుల్లో హల్లులు మింగేసి అచ్చులు మాత్రం సాగదీయి. వాటిని కుడికీ ఎడమకీ జరిపి, కింది బేస్ కోసెయ్. రివర్బ్ (పెద్ద గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) వాటికే ఎక్కువ పెట్టు. తెలుగు పాటకు ఇది బాగా నప్పుతుంది. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి, ఆ చివరి ‘ఆ’, ‘ఊ’ ఎంతసేపైనా తేలుతూ ఉంటాయి.

చీమకుర్తి_రాయి:
మాది గ్రానైట్ ఊరు. నీళ్ళు పోస్తూ రాయి కోసేటప్పుడు బ్లేడు చేసే శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, బాగా నెమ్మది చేసి విన్నాను. కీచుమనే శబ్దం కాస్తా తంబూర శ్రుతిలా లోతుగా మారింది! దాని మీదే పాట కడుతున్నా. గ్రైమ్స్ దగ్గర నాకు నచ్చేది ఈ ధైర్యమే: చేతికి దొరికిన దాంతో మొదలుపెట్టడం, వచ్చిన పేరు దగ్గరే ఆగిపోకపోవడం. 2020 ‘మిస్ ఆంత్రోపొసీన్’ మళ్ళీ ఎంత చీకటిగా, బరువుగా ఉంటుందో వినండి.

కావలి_కీబోర్డ్:
ఒంగోలు అన్నా, అచ్చుల కిటుకు పనిచేసింది, థాంక్స్! పల్లవి శుభ్రంగా వచ్చింది. చరణంలో లయ వేగం పెరిగితే ఇంకా కలిసిపోతోంది. అక్కడ పొరలు తగ్గించాలా, రివర్బ్ తగ్గించాలా?

ఒంగోలు_మిక్సింగ్:
ముందు రివర్బ్ తగ్గించు. అప్పటికీ తేలకపోతే ఒక పొర తీసెయ్. చీమకుర్తి బ్రదర్, ఆ బ్లేడు శబ్దం ఇక్కడ పెట్టు, నాకూ కావాలి.