నాన్న నియమాన్ని నిలబెట్టలేకపోతున్నాను, ఏం చేయమంటారు?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మిర్చి యార్డులో నాన్న నడిపిన చిన్న కమీషన్ కొట్టుని (రైతు సరుకు వ్యాపారికి అమ్మిపెట్టే కొట్టు) రెండేళ్లుగా నేను చూసుకుంటున్నాను. ఆయనకి ఒకటే నియమం: తూకం అయిన రోజే రైతు చేతిలో డబ్బు పెట్టాలి. ఏ వినుకొండ నుంచో రాత్రంతా టిక్కీల (మిర్చి బస్తాల) మీద కూర్చుని వచ్చిన మనిషిని రేపు రమ్మనడం పాపం అనేవారు. నేనూ అదే నమ్ముతాను.

కానీ కొన్న వ్యాపారి నాకు 20 రోజులకి గానీ ఇవ్వడు. ఈలోగా వడ్డీకి తెచ్చి రైతుకి ఇస్తున్నాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తేజ రకం మిర్చి ముమ్మరంగా వస్తుంది, ఆ రోజుల్లో టెన్షన్‌తో నిద్ర పట్టదు. వచ్చిన కమీషన్ వడ్డీకే పోతోంది. పాప ఫీజు ఇంకా కట్టలేదు.

మా ఆవిడ, "వారం గడువు ముందే చెప్పేయండి, చెప్పి చేస్తే మోసం కాదు కదా" అంటోంది. ఆమె మాటలో న్యాయం ఉంది. అయినా రైతు ఎదురుగా నిలబడితే నాకు నోరు రావట్లేదు.

పెద్దల నుంచి వచ్చిన నియమాన్ని ఇలా మార్చుకున్నవాళ్లు ఉన్నారా? ఏది వదిలారు, ఏది పట్టుకున్నారు? రైతు కుటుంబాల వాళ్లు కూడా చెప్పండి, వారం ఆగమంటే మీకు ఎలా ఉంటుంది?